దైవఘటన: నాలుగు శాస్త్రముల సాక్ష్యము

చార్మినారు కమాను క్రిందనుండి ఉత్తరముగా నడచినచో గుల్జారు హౌజు, పత్తర్‌గట్టి, మదీనా కూడలి దాటి కొలది సేపటిలోనే మూసీనది యొడ్డు చేరుదుము. నయాపూలు వంతెనపై నిలిచినవారికి ఈవలి యొడ్డున ఉన్నత న్యాయస్థాన భవనము, ఆవలి యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి భవనము కనబడును. నడుమ నది సంవత్సరములో పెక్కు దినములు సన్నని మురుగుధారవలె పారుచుండును. ఈ నదియే ఒకప్పుడు కొన్ని గంటలలో వేలమందిని పొట్టను పెట్టుకొన్నదని క్రొత్తగా వచ్చినవారికి చెప్పినచో నమ్ముట కష్టము.

1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన ఆ వరదను గూర్చి హైదరాబాదు కుటుంబములలో నేటికిని చెప్పుకొనుచుందురు. మృతులు పదివేలనియు, పదునైదువేలనియు వేరువేరు లెక్కలు కలవు. నదికి ఇరువైపుల పేటలు కూలిపోయినవి. అఫ్జల్ వంతెన కొట్టుకొనిపోయినది. నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నది శాంతించుటకై తానే పూజ సలిపెనని నగరములో ఒక వాడుక కలదు. వాడుక నిజమైనను కాకున్నను అది నాటి జనుల మనస్సును తెలుపుచున్నది. ఒకరు దానిని తఖ్దీరు అనిరి. మరియొకరు తలవ్రాత యనిరి. దైవాగ్రహ మనినవారును ఉండిరి. మాటలు వేరైనను భావ మొక్కటే: ఇది మనుష్యుని చేతిలోనిది కాదు.

ఈ భావమునకే న్యాయశాస్త్రములో ఒక పారిభాషిక పదము కలదు. ఆంగ్ల న్యాయస్థానములు దానిని ‘దేవుని చర్య’ యని అర్థమిచ్చు మాటతో వ్యవహరించెను. తెలుగులో దైవఘటన యందుము. దేవుడున్నాడా లేడా యని ఎన్నడును విచారింపని న్యాయస్థానము, నష్టపరిహారపు దావాలో మాత్రము ఆయన పేరు పలుకుట విచిత్రముగా నుండును. కావున ఆ మాట కర్థమేమో తెలిసికొనుటకు నాలుగు శాస్త్రములను సాక్షులుగా పిలుతము: భౌతికశాస్త్రము, న్యాయశాస్త్రము, నీతిశాస్త్రము, క్రైస్తవ వేదాంతము. ఆ పదము క్రైస్తవదేశమున పుట్టినది గనుక నాలుగవ సాక్షిని విడుచుటకు వీలులేదు.

మొదటి సాక్షి భౌతికశాస్త్రము. వరద తరువాత నిజాము ప్రభుత్వము శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. 1909లో ఆయన చేసిన పరిశీలనలో దైవాగ్రహమను మాట లేదు, అంకెలు కలవు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. నగరమునకు ఎగువనున్న మూసీ పరీవాహకములో 788 చెరువులు, అనగా సుమారు చదరపు మైలునకు ఒక చెరువు, ఉండెను. వానిలో 221 తెగిపోయినవి. మన తెలంగాణపు చెరువులు గొలుసుకట్టు చెరువులని అందరెరుగుదురు. మీది చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువునకు చేరును. మంచికాలములో ఈ ఏర్పాటు వరము. మీది కట్ట తెగినపుడు ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా క్రింది కట్టపై బడును, అదియు తెగును. ఇట్లు వాననీరునకు చెరువుల నీరు తోడై, నగరమువద్ద సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహమైనదని ఆయన లెక్కగట్టెను.

అయినచో అది ముందే నిర్ణయమైనదా? ఇచ్చట సైద్ధాంతిక భౌతికశాస్త్రము ప్రవేశించును. 1814లో ఫ్రెంచి పండితుడు లాప్లాసు ఒక వాదము చేసెను: విశ్వములోని ప్రతి కణముయొక్క స్థానమును, దానిపై పనిచేయు బలములను ఎరిగిన మేధ యొకటి ఉండినచో, దానికి భూతభవిష్యత్తులు రెండును కన్నులయెదుట నుండును. ఈ వాదమును చివరివరకు సాగించినచో 1908 నాటి వరద సృష్ట్యాదినుండియు నిశ్చితమే. చెరువుకట్టను పట్టించుకొనని అధికారి నిర్లక్ష్యమును నిశ్చితమే. ఎవరిని తప్పుపట్టుటకును తావుండదు.

1927లో జర్మను శాస్త్రజ్ఞుడు హైజెన్‌బర్గు అనిశ్చితత్వ సూత్రమును ప్రకటించుటతో ఈ ధీమా సడలినది. కణముయొక్క స్థానమును, ద్రవ్యవేగమును రెంటిని ఒకేసారి మనమిష్టపడినంత నిర్దుష్టముగా నిర్ణయించుటకు వీలుకాదని ఆ సూత్రము చెప్పును. ఈ విద్య హైదరాబాదునకు దూరముగా నిలువలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రజీయుద్దీన్ సిద్దిఖీ లైప్జిగ్ నగరమున హైజెన్‌బర్గువద్ద పరిశోధన చేసి, తిరిగివచ్చి తన విశ్వవిద్యాలయముననే బోధించెను.

కాని పరమాణువునకు చెల్లిన మాటను తిన్నగా నదికి అంటగట్టరాదు. నదిని గూర్చి మనకు ఎక్కువ పనికివచ్చునది అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు లోరెంజు కనుగొన్న విషయము. 1961లో ఆయన గణనయంత్రముపై వాతావరణపు లెక్క నొకదానిని రెండవమారు నడుపుచు, ఆరు దశాంశస్థానముల అంకెకు మారుగా మూడు స్థానముల అంకె నిచ్చెను. మొదట రెండు లెక్కలును కలిసి నడచి, క్రమముగా విడిపోయి, తుదకు పొంతనయే లేకుండ పోయినవి. 1963లో ప్రకటించిన వ్యాసములో ఆయన దీని సారమును వివరించెను. ప్రకృతి తన సూత్రములను తప్పకున్నను, ఆరంభస్థితిలో మనకు తెలియని అణుమాత్రపు భేదము కాలక్రమమున కొండంత కాగలదు. అందుచేతనే ఫలానాచోట ఫలానా దినమున వాన పడునని సుమారు రెండు వారములకు మించి ముందుగా చెప్పుట సాధ్యము కాదని నేటి శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఇచ్చట రెండు మాటలను వేరుచేసి చూడవలెను. వరద ఏ దినమున వచ్చునో చెప్పలేకపోవుట వేరు. వరద రాగలదని తెలియకపోవుట వేరు. పాచిక తరువాత ఏ ముఖము చూపునో ఎవరును చెప్పలేరు. కాని వేయిమారులు వేసినచో ఆరు పడకుండ ఉండదని చిన్నవారికిని తెలియును. వంతెన కట్టువానికి, చెరువుకట్ట కాచువానికి, ఇల్లు కట్టుకొనువానికి కావలసినది ఈ రెండవ విధమైన తెలివియే. కావున భౌతికశాస్త్రము చెప్పు సాక్ష్యమిది: వరద నియమము తప్పిన వింత కాదు, దాని దినము అనూహ్యము, దాని రాక ఊహ్యము.

రెండవ సాక్షి న్యాయశాస్త్రము. 1868లో ఇంగ్లండు ప్రభువులసభ ఒక ప్రసిద్ధమైన తీర్పు నిచ్చెను. ఒకడు తన మిల్లుకొరకు జలాశయము కట్టించగా ఆ నీరు పొరుగువాని బొగ్గుగనిలో చొరబడెను. బయటపడినచో కీడుచేయు వస్తువును తన భూమిపై కూడబెట్టినవాడు దానివలని నష్టమునకు బాధ్యుడని రైలండ్సు, ఫ్లెచరుల మధ్య నడచిన ఆ వ్యాజ్యములో నిర్ణయమైనది. అయితే 1876లో మరియొక వ్యాజ్యములో, కనివిని యెరుగని వానకు కృత్రిమ సరస్సులు పొంగి వంతెనలు కొట్టుకొనిపోగా, అది దైవఘటన యనియు, యజమాని బాధ్యుడు కాడనియు అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఈ సూత్రములు తెలుగునేలపై పరీక్షకు వచ్చిన తీరు మనము ప్రత్యేకముగా గమనింపదగినది. చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరము జమీందారుగారి చెరువులు తెగి రైలుమార్గము పాడుకాగా మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసినది. 1874లో ప్రీవీ కౌన్సిలు కంపెనీ వాదమును త్రోసిపుచ్చెను. ఇంగ్లండులోని మిల్లుజలాశయము యజమాని సొంతలాభమునకు కట్టుకొన్నది. దక్షిణదేశపు చెరువు అనాదిగా ప్రజలసాగునకు నిలిచినది. దానిని నిలుపుట జమీందారు ఇష్టము కాదు, విధి. విధిగా నీటిని నిలుపువాడు తగిన జాగ్రత్త తీసికొనినచో, తరువాతి నష్టమునకు అతడు బాధ్యుడు కాడని న్యాయమూర్తులు వివరించిరి. జమీందారుగారిని కాచినది దేవుని పేరు కాదు, ఆయన తీసికొన్న జాగ్రత్త.

ఈ తీర్పునకు ఆవలి పార్శ్వము 1917లో ప్రభువులసభయే చూపినది. స్కాట్లండులోని గ్రీనక్ పురపాలకసంఘము పిల్లల జలక్రీడలకై ఒక వాగు మార్గమును మార్చి చిన్న కొలను కట్టించెను. పెద్దవాన పడి, నీరు వీధుల పారి రైల్వే ఆస్తిని పాడుచేసెను. అసాధారణ వర్షము దైవఘటనయను వాదము చెల్లలేదు. వాగు సహజమార్గమును మార్చినవాడు, ఆ మార్గము మోయగల నీటిని తన మార్గమును మోయునట్లు చూడవలెను. మనదేశములో 1986 డిసెంబరు 20న సర్వోన్నత న్యాయస్థానము ఇంకొక అడుగు వేసినది. ఢిల్లీలోని యొక కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన వ్యాజ్యములో, అపాయకరమైన పరిశ్రమ నడపువారికి పూర్ణబాధ్యత కలదనియు, రైలండ్సు తీర్పునకుగల మినహాయింపు లేవియు వారికి చెల్లవనియు ప్రకటించెను. ఆ మినహాయింపులలో దైవఘటనయు ఒకటి.

కావున న్యాయస్థానము ‘ఈ వానను పంపినది దేవుడా?’ యని అడుగుట లేదు. ‘నీవు ఊహింపగలిగియుంటివా? ఊహించి చేయవలసినది చేసితివా?’ యని అడుగుచున్నది. దైవఘటన యను మాట దేవుని గూర్చిన నిర్ణయము కాదు. మానవుని చేత కానిదెక్కడ మొదలగునో చూపు సరిహద్దురాయి.

సరిహద్దురాయి నాటినచోటనే ఉండునా? ఈ ప్రశ్న మూడవ సాక్షియైన నీతిశాస్త్రమునకు చెందినది. విశ్వేశ్వరయ్యగారి సూచనలపై మూసీనదిమీద ఉస్మానుసాగరు 1920లోను, దాని ఉపనదియైన ఈసీమీద హిమాయతుసాగరు 1927లోను పూర్తియైనవి. ఈ రెండు జలాశయములు వచ్చిన తరువాత 1908 నాటి వానవంటి వాన తిరిగి పడినచో, ‘ఇది మే మెరుగము’ అనుటకు పాలకులకు గాని పౌరులకు గాని హక్కు తగ్గిపోయినది. తెలివి పెరిగినకొలది, శక్తి పెరిగినకొలది, దైవఘటన హద్దు వెనుకకు జరుగును. మానవుని బాధ్యత ముందుకు జరుగును. తాతకు దైవఘటనయైనది మనుమనికి నిర్లక్ష్యము కావచ్చును.

ఈ విషయము 1755లో ఐరోపాలో పెద్ద చర్చకు వచ్చెను. ఆ యేడు నవంబరు 1వ తేదీన, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనులు ప్రార్థనాలయములలో నుండగా పోర్చుగల్లు రాజధాని లిస్బను నగరమును భూకంపము కూల్చివేసెను. ఈ లోకము సాధ్యమైన లోకములన్నిటిలో ఉత్తమమైనదను తత్త్వమును వోల్టేరు తీవ్రముగా ప్రశ్నించెను. 1756లో రూసో ఆయనకు వ్రాసిన లేఖలో వేరొక సంగతి ఎత్తిచూపెను: అంతస్తులపై అంతస్తులు వేసి వేలకొలది ఇండ్లను ఒక్కచోట ఇరికించినది ప్రకృతి కాదు, మనుష్యుడే. భూకంపము ప్రకృతిది, నష్టములో కొంత మనది.

మన పాతబస్తీకి ఈ మాట చరిత్రలో మాత్రమే నిలిచియుండునది కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన భారీవర్షమునకు, తరువాతి దినముల వానలకు, పల్లెచెరువు, గుర్రంచెరువుల కట్టలు తెగినవి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగరు మొదలగు చోట్ల ఇండ్లలోనికి నీరు చొరబడి ప్రాణనష్టము కలిగెను. వాన ఎవరి చేతిలోను లేదు. కాని చెరువు శిఖమును ఇంటిస్థలములుగా కోసి అమ్మినది వాన కాదు. నాలామీద గోడ కట్టినది వాన కాదు. దానికి అనుమతిపత్రము వ్రాసినది వాన కాదు. తెలిసి అమ్మినవాడు, తెలిసి అనుమతించినవాడు, గతిలేక కొన్నవాడు, ఈ మువ్వురిని ఒకే త్రాసున తూచుట నీతి కాదు. పల్లపు నేల చవుకగా దొరకును గనుక పేదవాడు అచ్చటికి చేరును. వరదలో మొదట మునుగువాడు, ‘ఏల అచ్చట కట్టుకొంటివి?’ యని మొదట నిందపడువాడు అతడే.

ఇక నాలుగవ సాక్షి. మొదటి ముగ్గురు చెప్పినదాని తరువాత వేదాంతమునకు చెప్పుట కేమైన మిగిలినదా? మిగిలినదని మా అభిప్రాయము. ఏలన, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ప్రవాహపు లెక్క అడుగదు, తీర్పుప్రతి అడుగదు. ‘నా బిడ్డయే ఏల?’ యని అడుగును.

క్రైస్తవ గ్రంథములో ఈ ప్రశ్న పాతది. యోబు గ్రంథములో సర్వము కోల్పోయిన నీతిమంతుని చూచుటకు వచ్చిన స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనిచెంత కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అదియే. తరువాత నోరు తెరచి ‘నీవు పాపము చేసియుందువు’ అనిరి. గ్రంథాంతమున దేవుడు వారినే మందలించెను. లూకా సువార్తలో యెరూషలేము నగరమందలి సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది మరణించిన ప్రస్తావన కలదు. మృతులు తక్కినవారికంటె పాపులు కారని యేసు స్పష్టముగా చెప్పి, బ్రతికియున్నవారినే మారుమనస్సు పొందుడని హెచ్చరించెను. అనగా ఆపద చనిపోయినవారిపై తీర్పు కాదు, మిగిలినవారికి పిలుపు. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డిని చూచి ఎవరి పాపమని శిష్యు లడిగినపుడును ఆయన ఆ ప్రశ్నను అంగీకరింపలేదు.

ఇటీవలి కాలములో ఈ విషయమును రెండు శాస్త్రములు ఎరిగి విచారించినవారిలో జాన్ పోల్కింగ్‌హార్ను ఒకరు. ఆయన కేంబ్రిడ్జిలో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడు. 1979లో ఆ పదవిని విడిచి, 1982లో ఆంగ్లికను గురువుగా అభిషేకము పొంది, 2021లో మరణించెను. దేవుడు మనుష్యునకు స్వేచ్ఛ నిచ్చినట్లే, ప్రకృతికిని తనంత తాను నడచుకొను స్వేచ్ఛ నిచ్చెనని ఆయన వాదము. ఏ నియమములవలన మేఘము వర్షించి పైరు పండుచున్నదో, ఆ నియమములవలననే వరదయు వచ్చుచున్నది. వాన నిచ్చి వరదను మాత్రము ఆపు లోకము నియమములేని లోకమగును. ఈ సమాధానము అందరికి తృప్తి నీయలేదు. నియమము గొప్పదే గాని, ఆ నియమమునకు ఒక పసిబిడ్డ ప్రాణము వెలగా చెల్లవలెనా యని విమర్శకులు అడిగిరి. ఆ ప్రశ్న నేటికిని తెరచియే యున్నది.

మన తెలుగువారిలో ఈ రంగమున స్మరింపదగినవారు పండిపెద్ది చెంచయ్యగారు. ఆయన 1886లో నెల్లూరులో జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయమూర్తియై, 1959లో దివంగతులైరి. 1938లో మద్రాసునుండి వెలువడిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ యను వ్యాససంపుటిలో ఆయన ముఖ్యుడు. వృత్తిచేత న్యాయమూర్తియైనను ఆయన క్రీస్తుమతమును నేరము, శిక్షల లెక్కగా మాత్రమే చూడలేదు. క్రీస్తును నూతన సృష్టికి ఆదిగాను, పరిశుద్ధాత్మను ఆ సృష్టిని నడపు శక్తిగాను భావించెను. ఈ చూపును వరద ప్రశ్నకు అన్వయించినచో ‘ఇది ఎవరి పాపము?’ అను ప్రశ్న వెనుకబడి, ‘ఈ శిథిలములనుండి ఏ క్రొత్త జీవనమును కట్టవలెను?’ అను ప్రశ్న ముందుకు వచ్చునని మాకు తోచుచున్నది.

వేదాంతము చెప్పునది మరియొకటి కలదు. దేవుని నామమును వ్యర్థముగా నుచ్చరింపరాదని పది యాజ్ఞలలో ఒకటి. సాధారణముగా దీనిని ఒట్టు పెట్టుకొనుటకు సంబంధించినదిగా తలంతుము. కాని అలుగు పూడ్చినవాడు, కట్ట మరమ్మతు సొమ్ము మ్రింగినవాడు, హెచ్చరిక పత్రమును అటకమీద పడవేసినవాడు, తుదకు ‘దైవఘటన’ యని చేతులు దులుపుకొనుట ఆ నామమును వ్యర్థముగా పలుకుట కాదా? చేయవలసినది చేసి ఓడిపోయినవాని నోట ఆ మాట వినయము. చేయక తప్పించుకొనువాని నోట అది దూషణ. భక్తుడే మొదట ఈ మాటకు అభ్యంతరము చెప్పవలెను.

నలుగురి సాక్ష్యమును కలిపి చూచినచో వారిలో ఎవరును ఇంకొకరి పని చేయలేరని తెలియుచున్నది. వాన ఎట్లు కురిసెనో వేదాంతము చెప్పజాలదు. చెప్పబూనినచో యోబు స్నేహితులవలె పొరపడును. ఎవరు బాధ్యులో భౌతికశాస్త్రము చెప్పజాలదు. న్యాయస్థానము పరిహారము ఇప్పించును గాని కన్నీరు తుడువదు. నీతిశాస్త్రము కర్తవ్యము చెప్పును గాని ఓడిపోయినవానికి ఓదార్పు నీయజాలదు. అయితే వీరిని పిలుచుటకు ఒక వరుస కలదు. ముందు భౌతికశాస్త్రము, తరువాత న్యాయము, నీతి తమ పని ముగించిన పిమ్మటనే దేవుని పేరెత్తవలెను. ఆ పేరు విచారణకు ముగింపు కావచ్చునుగాని విచారణకు అడ్డము కారాదు.

గృహస్థులమైన మనకు దీనివలన తేలు పని చిన్నదే. స్థలము కొనునపుడు అది చెరువు నిండుమట్టపు హద్దులో నున్నదేమో అడుగుదము. మన వీధి నాలా ఎచ్చట పూడినదో వానకాలమునకు ముందే చూచి వ్రాతపూర్వకముగా అధికారులకు తెలుపుదము. ఆ వ్రాతయే రేపు ‘మే మెరుగము’ అను మాటకు జవాబగును. ఆపద వచ్చిన యింటికి పోయినపుడు కారణములు చెప్పక అన్నమును, పొడిబట్టలను తీసికొనిపోదము. దైవము మానుషరూపమున వచ్చునని పెద్దలందురు. 1908 వరదలో ఆ 150 మందికి అది చింతచెట్టు రూపమున వచ్చెను. రాబోవు వరదలో ఏ రూపమున రాగలదో మన చేతిలోను కొంత యున్నది.